సీకటిలోయలో పదకొండు చెట్లు

నమోదు 207. మే 19

ఎర్రకొండ మట్టి మోత ఈ రోజుతో ముగిసింది. మొత్తం ఆరువందల పన్నెండు వెదురు బుట్టలు. ఒక్కొక్క బుట్టను మెడ దాకా సీకటిలోయ నేలలో పాతి, సందుల్లో లోయ మట్టి కూరి, చేత్తో అదిమాం. నా నడుము పట్టేసింది. నాతో పనిచేసే సింగమ్మత్తకు డెబ్భై దాటాయి. అయినా నాకంటే ముప్పై బుట్టలు ఎక్కువే పాతింది.

మా రోజు ఎర్రకొండ మీద ఆకులు ఊడ్వడంతో మొదలవుతుంది. అక్కడ రాలిన ఆకు రాలినట్టే ఉంటుంది. పదహారేళ్ల ఆకు మోకాళ్ల లోతున పేరుకుంది. పడిన మాను నిన్ననే నరికినట్టుంటుంది. కొండలను మందుతో కడిగాక, ఆకునీ మానునీ కుళ్లబెట్టే శిలీంధ్రాలు ఒక్కటీ మిగల్లేదు. ఒక్క నిప్పురవ్వ పడితే కొండంతా తగలబడిపోతుంది. అందుకని మండలి మా కాపలాదారుల చేత దారులు ఊడిపిస్తుంది. నిలబడి ఉన్న చెట్లలో కూడా మూడొంతులు మోడులే.

అక్కడి నుంచి రెండు బండల సందులో పాక్కుంటూ దిగితే సీకటిలోయ వస్తుంది. పైన కొండచరియ ముందుకు వంగి ఉండడం వల్ల, ఆ రోజుల్లో మందు చల్లిన తూనీగ యంత్రాలు ఇందులోకి దూరలేకపోయాయి. లోయలో పదకొండు గుగ్గిలం చెట్లున్నాయి. పదకొండూ పచ్చగా ఉన్నాయి. కాలు పెడితే నేల మెత్తగా దిగబడుతుంది. ఆకు తిరగేస్తే అడుగున తడి, ఆ తడిలో వెంట్రుకల్లాంటి తెల్లటి పోగులు కనిపిస్తాయి.

సింగమ్మత్త ఈ చోటు సంగతి కొండలు కడిగాక కూడా పద్నాలుగేళ్లు ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల కిందట నాకు చెప్పింది. నేను మండలికి చెప్పాను.

నమోదు 211. మే 30

ఈ రోజు మూడో చెట్టు వేరు తవ్వి చూశాం. సింగమ్మత్త పిల్లవేరు ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని భూతద్దం నా చేతికిచ్చింది.

"సూడమ్మా వరాలూ. ఏరు సివర తొడుగు తొడుక్కున్నాది. ఇది తెల్లది. ఇటుపక్కది పసుప్పచ్చ. ఆ నల్లది ఏరే రకం."

ఆమె చెప్పినట్టే ఉంది. ప్రతి వేరుకొసకూ కాలికి తొడిగిన మేజోడులా శిలీంధ్రం అల్లుకుని ఉంది. దాని నుంచి పోగులు మట్టిలోకి బారెడు దూరం పాకుతాయి. నీటినీ భాస్వరాన్నీ వెతికి చెట్టుకు తెచ్చిపెట్టేది అవే. బదులుగా ఎండలో ఆకు వండిన తీపిలో చెట్టు వాటికి వాటా ఇస్తుంది. ఈ పదకొండు చెట్ల కింద ఇప్పటిదాకా ఇరవై ఆరు రకాలు లెక్క తేలాయి. ఇప్ప, ఉసిరి లాంటి చెట్ల నేస్తాలు వేరు లోపలే దాక్కుంటాయి, పుట్టగొడుగులు ఎత్తవు. గుగ్గిలం నేస్తాలు మాత్రం వానలు పడగానే పైకి వచ్చి కనిపిస్తాయి.

మండలి నర్సరీల్లో ఏటా వేల గుగ్గిలం మొక్కలు పెంచి కొండల మీద నాటారు. మూడో ఏటికల్లా అన్నీ పసుపెక్కి చచ్చిపోయాయి. నీళ్లున్నాయి, మట్టిలో సారమూ ఉంది. కానీ అది మొక్కకు అందేది కాదు. ఎందుకో తెలియక వాటి మధ్య ఎన్నేళ్లు తిరిగానో. ఎర్రకొండ కడిగిన రోజు తూనీగలను నడిపించిన నలుగురిలో నేనూ ఉన్నాను. అప్పుడు నాకు ఇరవై అయిదేళ్లు. నల్లబూజు తెగులు వరి, చోడి పంటలను తినేసిన మూడేళ్లలో మా ఇంట్లో ఏడుగురిలో నేనూ మా తమ్ముడూ మిగిలాం. మందు మంచులా కొండ మీదికి దిగుతుంటే చప్పట్లు కొట్టాను. బూజు పోయింది. జనం బతికారు. ఆ మంచు మంచి శిలీంధ్రాన్నీ చెడ్డదాన్నీ వేరు చేయదని అప్పుడు ఎవరూ అడగలేదు. అడిగినా ఆగేవాళ్లం కాదేమో.

నమోదు 214. జూన్ 9

మొదటి వాన పడింది. దాంతోపాటే గుగ్గిలం గింజలూ రాలాయి. ఒక్కొక్క గింజకు అయిదు రెక్కలు. గిరగిరా తిరుగుతూ దిగుతాయి. ఈ గింజకు ఓపిక లేదు. రాలిన వారం రోజుల్లో మట్టి దొరక్కపోతే చచ్చిపోతుంది. దాచుకోవడం కుదరదు. ఏడాదికి ఒక్కసారే అవకాశం.

పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఏరి బుట్టకు మూడేసి చొప్పున విత్తాం, మొలిచాక బుట్టకు ఒక్కటే ఉంచుతాం. మా లెక్క ఇది: మొలకల వేళ్లు తల్లిచెట్ల వేళ్ల పక్కనే ఎదుగుతాయి, పోగులు ఒకదాని నుంచి ఒకదానికి పాకుతాయి. తొంభై రోజులు ఆగితే చాలు. సెప్టెంబరు రెండో వారంలో బుట్టలు పైకెత్తి ఆరు కొండలకు పంచుతాం. ఎర్రకొండ మీద మందు చేదు ఎప్పుడో పోయింది. మట్టి ఖాళీగా ఉంది, అంతే.

సింగమ్మత్త చివరి బుట్టలో గింజ పెట్టి కాసేపు దాని ముందే కూర్చుంది.

"నాను పోయినాక ఎవులికి సెప్తావు ఈటి పేర్లు?" అంది.

"అన్నీ రాసుకుంటున్నాను కదత్తా."

"రాసుకుంటే సరిపోద్దేటి? ముక్కుకి తెలియాల."

నమోదు 223. జులై 4

నాలుగు రోజుల ముసురు తరువాత లోయంతా గొడుగులే. ఎనిమిదో చెట్టు కింద ఎర్ర టోపీలు, తెల్ల కాడలు. బండ పక్కన పసుపు రంగువి, గరాటాల్లాంటివి, పండిన పండు వాసన. అడుగున రేకులకు బదులు స్పాంజిలా రంధ్రాలున్న గోధుమరంగువి మూడు. నేలలో సగం కూరుకుపోయిన నల్లటి గుండ్లు. వాటిని సింగమ్మత్త నేలగుండ్లు అంటుంది. మొలకల దగ్గర మాత్రం ఒక్క రకమే వచ్చింది. మట్టిరంగులో బొడిపెల్లా ఉండి, నొక్కితే గోధుమరంగు దుమ్ము లేస్తుంది.

నేలగుండు ఒకటి తొక్క తీసి సింగమ్మత్త నాకిచ్చింది. మొదటిసారి తిన్నాను. పైన మెత్తగా ఉంది, లోపల కరకరలాడింది.

"నువ్వూ తిను అత్తా."

"నాకొద్దు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

నమోదు 229. జులై 21

ఈ నమోదు మండలికి పంపను. నా దగ్గరే ఉంచుకుంటాను.

లోయ అడుగున ఊటనీరు నిలిచే చిత్తడిలో అడవి వరి గుబురు ఒకటి ఉంది. ఈ ఉదయం దాని వెన్నుల మీద నల్లటి పొడి కనిపించింది. మసి అనుకుని వేలితో రాశాను. పోలేదు. పరీక్ష పట్టీ ముంచాను. ఎరుపెక్కింది. ఇంకో పట్టీ, ఇంకోటి. మూడూ ఎరుపే.

నల్లబూజు. పదహారేళ్ల తరువాత.

మేము కడగకుండా వదిలేసిన ఒకే ఒక్క చోట అది కూడా బతికింది. కింద గుమ్మలపాడులో ఇప్పుడు ఉబాలు, అంటే వరినాట్లు, జరుగుతున్నాయి. ఈ ఊట వాగులో కలుస్తుంది, ఆ వాగు నీళ్లే ఆ మళ్లకు పారతాయి. నియమం మా అందరికీ కంఠతా వచ్చు. కనిపించిన రోజే చెప్పాలి. చెప్తే ఆ నీటి వాలు మొత్తం కడుగుతారు. అంటే లోయ. అంటే పదకొండు చెట్ల కింది ఇరవై ఆరు రకాలూ. ఈసారి తూనీగలు చిన్నవి, ఈ సందులోకి దూరగలవు.

సింగమ్మత్తను పిలిచి చూపించాను. ఆమె వంగి ఆ పొడిని వాసన చూసింది.

"ఎన్ని రోజులు గావాల మొక్కలకి?"

"ఇంకా యాభై."

"ఇది కాల్చీసేద్దుం. మళ్లీ ఒస్తాదో రాదో సూద్దుం."

గుబురు వేళ్లతో సహా పీకి, బండ మీద వేసి కాల్చాం. బూడిద గుంత తీసి పాతిపెట్టాం. మాటపెట్టెలో జగ్గారావు గారు పిలిస్తే అంతా బాగానే ఉందని చెప్పాను. పైల జగ్గారావు గారు కింది మండలంలో పంట కాపుదల చూస్తారు. ఇద్దరు అన్నల్ని నల్లబూజు ఏళ్లలో పోగొట్టుకున్న మనిషి. నాకెప్పుడూ గట్టిగా ఒక మాట అనలేదు. ఆయనకు అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి.

నమోదు 232. జులై 26

అయిదు రోజులుగా చిత్తడి శుభ్రంగానే ఉంది. రోజుకు మూడుసార్లు దిగి చూస్తున్నాను. మొలకలకు నాలుగేసి ఆకులు వచ్చాయి. ఒక మొలక పీకి వేరు చూశాను. రెండు కొసలకు తొడుగు ఉంది, గోధుమరంగుది. ఆ దుమ్ము లేచే రకమే. ఎర్రటోపీ తొడుగు కానీ పసుపుది కానీ కనిపించలేదు. ఇంకా టైముంది అనుకున్నాను.

నమోదు 236. జులై 31

లోయ బయట, వాగు గట్టున, పావు మైలు కిందికి వెళ్లాక గడ్డి మీద నల్లపొడి. గుమ్మలపాడు మొదటి మడికి అక్కడి నుంచి కేక వినబడేంత దూరం.

నమోదు 237. ఆగస్టు 1

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే సింగమ్మత్తను వాగు దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. దీన్ని కూడా కాల్చేద్దామన్నాను. మొక్కలకు ఇంకా నలభై రోజులు కావాలి, కనీసం ఇరవై దొరికినా కొన్నింటికి తొడుగులు పడతాయి అన్నాను. ఆమె గట్టు మీద కూలబడింది.

"ఇంక సెప్పీమ్మా," అంది.

నా చెవులను నేనే నమ్మలేదు. పద్నాలుగేళ్లు ఆ లోయను కడుపులో పెట్టుకుని దాచిన మనిషి.

"చెప్తే మొత్తం పోతుందత్తా. ఇరవై ఆరు రకాలు. మళ్లీ ఎక్కడా లేవు."

"నాకు తెల్దేటి? నీకంటే ముందు నుంచీ తెలుసు."

అప్పుడు చెప్పింది. నల్లబూజు ఏళ్లలో ఆమె కుటుంబం గుమ్మలపాడులోనే ఉండేది. కోడలు, ఇద్దరు మనవలు. ఊళ్లో ఒక్కొక్క ఇల్లే ఖాళీ అవుతుంటే, ఆమె తెల్లవారకుండానే కొండెక్కి లోయలో తినే పుట్టగొడుగులు, ఆమె మాటల్లో కొక్కులు, ఏరి తెచ్చేది. ఎండబెట్టి దాచేది. తలుపులు వేసుకుని వండేది. మనవలిద్దరూ బతికారు. పక్కింటి గేదెల అప్పయ్యమ్మకు ఒక్కతే కూతురు, సూరీడు. నాలుగేళ్ల పిల్ల.

"గోడవతల ఏడిసేది. 'అమ్మా, ఆకలే' అని. నాను ఇన్నాను. రోజూ ఇన్నాను. ఒక్కరికి సెప్తే ఊరంతా కొండెక్కేత్తాది, నా పిల్లలకి ఉండదు అనుకున్నాను. ఒక పొద్దు ఏడుపు ఇనబడనేదు. నాను ఊపిరి పీల్చుకున్నాను, వరాలూ. ఏడుపు ఆగిందని ఊపిరి పీల్చుకున్నాను. తరవాత తెలిసినాది."

అప్పటి నుంచి ఆమె కొక్కు నోట పెట్టలేదట.

"అప్పుడు దాసినాను. మళ్లీ దాయమంటావేటి? కింద ఎన్ని సూరీళ్లున్నాయో."

ఆమెను గట్టు మీదే వదిలి కాపలా గుడిసెకు వచ్చి మాటపెట్టె తీశాను. జగ్గారావు గారికి అంతా చెప్పాను. జులై ఇరవై ఒకటి గురించి కూడా.

అవతల ఎవరో ట్రాక్టరు తోలుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పది రోజులు, వరాలమ్మా," అన్నారు చివరికి.

"అవునండి."

"పది రోజుల కిందట చెప్పుంటే లోయతో పోయేది. ఇప్పుడు వాగు పక్క నలభై ఎకరాలూ కాల్చాలి. ఉబాలు అయిపోయిన మళ్లు."

"తెలుసండి."

"నీ మీద అరవడానికి నాకు నోరు రావడం లేదు. గాలి తిరగడానికి నాలుగు రోజులుంది. అయిదో తారీఖు పొద్దున తూనీగలు వస్తాయి. అంతకుమించి ఆపలేను. ఈలోగా బుట్టలు పైకి తియ్యండి. కానీ ప్రతి బుట్టనూ నేనే పరీక్షిస్తాను. పట్టీ ఎరుపెక్కితే కాల్చాల్సిందే. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను.

నమోదు 238. ఆగస్టు 2

ఈ రోజు మూడొందల బుట్టలు పైకెక్కించాం. బండల సందులోంచి ఒక్కొక్కటే వీపు మీద మోయాలి. మధ్యాహ్నానికి జగ్గారావు గారు వచ్చారు. ఊపిరి అందక బండ మీద కూర్చుని, కాసేపయ్యాక చొక్కా విప్పి తానూ మోత మొదలుపెట్టారు. ఆయన వయసు అరవై దగ్గర. వద్దంటే వినలేదు.

ఆయన లోయను ఇదే మొదటిసారి చూడడం. ఎనిమిదో చెట్టు కింద ఎర్రటోపీల ముందు ఆగిపోయారు.

"ఇవి తినొచ్చా?"

"తినకూడదు బాబూ," అంది సింగమ్మత్త. "సూడ్డానికే."

నమోదు 239. ఆగస్టు 3

బుట్టలన్నీ పైకి వచ్చాయి. తల్లిచెట్ల వేళ్ల మీది శిలీంధ్రాలను కూడా తీసుకెళ్దామని ఎర్రటోపీల కింది మట్టి, పసుపువాటి కింది మట్టి, స్పాంజి రకం కిందిదీ విడిగా తట్టలకెత్తాం. ఎత్తుతుంటే పోగులు తెగుతున్నాయి. వినిపించే చప్పుడు కాదు, కానీ నా వేళ్లకు తెలిసింది. పాత చెట్టు వేరు పట్టుకుని బతికే రకాలు ఇవి. చెట్టు నుంచి తెగాక తట్టలో ఎన్నాళ్లుంటాయో నాకూ తెలుసు, సింగమ్మత్తకూ తెలుసు. అయినా ఎత్తాం.

నమోదు 240. ఆగస్టు 4

మొలకల ఆకులు ఒక్కొక్కటీ ఉప్పునీటితో తుడిచాం. వేళ్లు పగిలాయి. జగ్గారావు గారు బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పట్టీలు ముంచుతూనే ఉన్నారు. ఎరుపు వస్తే బుట్ట ఎడమవైపు, రాకపోతే కుడివైపు. మొదటి గంటలో కుడివైపు ఏమీ లేదు. తరువాత ఒకటి వచ్చింది. సింగమ్మత్త వెళ్లి దాని పక్కన కూర్చుంది.

మట్టి తట్టలు పదహారూ ఎరుపే.

సాయంత్రం నాలుగింటికి లెక్క తేలింది. ఆరువందల పన్నెండులో అయిదువందల డెబ్భై ఒకటి ఎడమవైపు. నలభై ఒకటి కుడివైపు. ఎడమవైపువి వరుసలుగా పేర్చాం. నిప్పు నేనే పెట్టాలని నియమం. కాపలాదారే పెట్టాలి. పచ్చిమొక్కలు కదా, తొందరగా అంటుకోలేదు. పొగే ఎక్కువ వచ్చింది. జగ్గారావు గారు వెనక్కి తిరిగి నిలబడ్డారు.

మిగిలిన నలభై ఒకటికి వేరుకొసలు చూశాను. తొడుగు ఉన్నవి తొమ్మిది; మిగతా ముప్పై రెండూ నర్సరీ మొక్కల్లాగే పసుపెక్కి పోయేవే. తొమ్మిదింటికీ ఒకే రకం, గోధుమరంగు. పిల్లమొక్కలను ముందుగా పట్టుకునేది అదే. ఎర్రటోపీలు, పసుపువి, స్పాంజి రకం, నేలగుండ్లు, అవన్నీ చెట్టు ముదిరాక వచ్చే నేస్తాలు. తొంభై రోజులు ఆగినా వచ్చేవి కావేమో. నలభై ఏళ్లు ఆగాల్సిందేమో. ఆ సంగతి నాకు జులైలోనే అర్థమై ఉండాల్సింది. అర్థమైతే ఆ పది రోజులు దాచేదాన్ని కాదు. నలభై ఎకరాలు పచ్చగా ఉండేవి.

నమోదు 241. ఆగస్టు 5

ఏడున్నరకు తూనీగలు వచ్చాయి. పద్దెనిమిది. పిచ్చుకంత ఉంటాయి. బండల సందులోంచి వరుసగా లోపలికి దూరాయి. మంచు దిగడం మొదలైంది. ఎనిమిదిన్నరకు అయిపోయింది.

నేను చప్పట్లు కొట్టిన రోజున ఇంతసేపు పట్టిందా అని గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు.

సింగమ్మత్త చూడనంది. అప్పటికే తొమ్మిది బుట్టలకు నీళ్లు పోస్తూ ఉంది. నీళ్లు ఎక్కువైపోయి బుట్ట అడుగు నుంచి కారుతున్నా పోస్తూనే ఉంది. నేను వెళ్లి చెంబు తీసుకున్నాను.

నమోదు 245. ఆగస్టు 20

లోయలోకి దిగడానికి అనుమతి వచ్చింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఒక్కదాన్నే దిగాను. గొడుగులు నల్లబడి, నేల మీద జిగురు మరకల్లా అతుక్కుపోయాయి. ఆకు తిరగేస్తే కింద ఏమీ లేదు. ఒట్టి మట్టి.

పదకొండు చెట్లూ పచ్చగా నిలబడి ఉన్నాయి. కొత్త చిగుళ్లు కూడా ఉన్నాయి. అది చూడలేకపోయాను. వాటికింకా తెలియదు. రెండేళ్లో మూడేళ్లో పడుతుంది. ముందు పైకొమ్మలు ఎండుతాయి. ఈ మట్టిలో మందు చేదు రెండేళ్లు ఉంటుంది. అది పోయాక ఇక్కడికి ఏదైనా తెచ్చి పెడదామన్నా నా దగ్గర ఉన్నది ఒక్క రకమే.

గుమ్మలపాడులో నలభై ఎకరాలు కాల్చారు. మళ్లీ పొట్టిరకం విత్తనం చల్లారు. కింది మండలంలోని మిగతా పన్నెండు ఊళ్లలో ఎక్కడా బూజు లేదని జగ్గారావు గారు చెప్పారు. నా మీద విచారణ జరిగింది. కాపలా పని నుంచి తీసేయమని ఇద్దరు అన్నారట, ఆ తొమ్మిది మొక్కలను సాకడం వేరే ఎవరికీ తెలియదు కనక ఉంచమని ఆయన అన్నారట. ఉంచారు.

నమోదు 258. అక్టోబరు 17

తొమ్మిదింటిలో నాలుగు పోయాయి. అయిదున్నాయి. ఎర్రకొండ ఉత్తరం వాలులో, రాతినీడన నాటాం.

నమోదు 266. నవంబరు 28

నిన్న సింగమ్మత్త తనను గుమ్మలపాడు తీసుకెళ్లమంది. పదహారేళ్లుగా ఆ ఊరు తొక్కలేదు. మనవలు పెద్దవాళ్లై ఎక్కడో ఓడరేవులో పనిచేస్తున్నారు, కోడలు వాళ్ల దగ్గరే ఉంది. ఆ ఊళ్లో ఆమెకు ఇప్పుడెవరూ లేరు. ఎందుకని అడగలేదు. ఈ ఉదయం దిగాం.

వాగు పక్క మళ్లలో వెనకబడిన పొట్టి వరి కోస్తున్నారు. పలచటి వెన్నులు. కాల్చిన మళ్లు ఇవే అని చూడగానే తెలుస్తుంది. ఒక మడిలో ఒంటరిగా కోస్తున్న మనిషి దగ్గర సింగమ్మత్త ఆగింది. అరవై ఏళ్లుంటాయి. చీర గోచీ పోసి కట్టుకుంది. తలెత్తి చూసి, చాలాసేపు చూసి, కొడవలి పట్టుకునే నిలబడింది.

"అప్పయ్యా, నాను సింగిని."

"తెలిసినాది. ఏటిలగొచ్చినావు?"

సింగమ్మత్త గట్టు దిగలేదు. ఇద్దరి మధ్యా కోసిన పనల వరుస ఒకటి ఉంది.

"ఈ మడి కాలిపోడానికి కారణం మేమే. నాను, ఈ పిల్లా. పది రోజులు దాసినాం."

"జగ్గారావు సెప్పినాడు," అంది అప్పయ్యమ్మ.

"ఇంకోటున్నాది," అంది సింగమ్మత్త. "బూజు ఏళ్లలో మా ఇంట్లో కూడుండేది. కొక్కులు. కొండ మీద నాకొక సోటు ఉండేది. తలుపేసుకుని ఒండినాను. నీ పాప ఏడుస్తుంటే ఇన్నాను."

అప్పయ్యమ్మ కొడవలికి అంటిన గడ్డిపరకను వేలితో తీసింది.

"తెలుసు," అంది.

"ఏటి?"

"తెలుసు. తలుపేసినంత మాత్రాన వాసన ఆగుతాదేటి, సింగీ? మధ్యన ఒక్క గోడే కదా."

"మరి అడగనేదేమే?"

"అడుగుదామనే ఒచ్చినాను. ఒకపాలి కాదు, మూడు పాల్లు. నీ గుమ్మం దాకా ఒచ్చినాను. మూడోపాలి తలుపు మీద సెయ్యి కూడా ఏసినాను. లోపల నీ చిన్న మనవడు ఇంకా పెట్టమని ఏడుస్తున్నాడు. నువ్వు 'నేదమ్మా, అయిపోనాది' అన్నావు. మీకే సాలటం నేదు, మాకేటి పెడతాది అనుకుని ఎల్లిపోనాను."

నేను సింగమ్మత్త మోచెయ్యి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి విడిపించుకుంది.

"ఉన్నాది, అప్పయ్యా," అంది చివరికి. "ఆ పొద్దు కుండలో ఇంకా ఉన్నాది. రేపటికని దాసి, ఆడికి నేదని సెప్పినాను."

పక్క మళ్లలో వాళ్లు కోస్తూ ముందుకు వెళ్లిపోయారు. అప్పయ్యమ్మ కళ్లలో నీళ్లు లేవు. ముఖం మాత్రం ఒక్కసారిగా ముసలిదైపోయింది. పదహారేళ్లు ఆమె ఒకటే అనుకుని బతికింది, వాళ్ల దగ్గరా ఏమీ లేదని. ఈ రోజు సింగమ్మత్త వచ్చి అది కూడా తీసేసుకుంది.

తరువాత ఆమె మా వైపు వీపు తిప్పి వంగి మళ్లీ కోత మొదలుపెట్టింది. ఒక వరుస కోసింది. రెండో వరుస కోసింది. తిరిగి చూడలేదు.

సింగమ్మత్త చెప్పులు గట్టు మీద విడిచి మళ్లోకి దిగింది. ఆమె వెనకాలే కోసిన వరి చేతులతో దగ్గరికి తీసి, పనలు కట్టడం మొదలుపెట్టింది. అప్పయ్యమ్మకు ఆ చప్పుడు వినిపించే ఉంటుంది. వద్దనలేదు. రమ్మననూ లేదు.

మధ్యాహ్నం దాకా చూశాను. ఇద్దరి మధ్యా దూరం తగ్గనూ లేదు, పెరగనూ లేదు. నేను ఒక్కదాన్నే కొండెక్కి వచ్చాను. అయిదు మొక్కల్లో ఉత్తరం చివరిది రెండు ఆకులు రాల్చింది. మిగతా నాలుగూ ఉన్నాయి.